ఒకే చెయ్యి, రెండు రకాలు

"మీ వైపు ఎముకలే అంతమ్మా," అన్నారు అత్తగారు, నేను తడి దుప్పటి పిండుతుంటే. రెండో కొస పట్టుకోమంటే మాత్రం ఆవిడకి నడుం నొప్పి. మా అమ్మాయి ముంజేతి ఎముక మీద బుడిపెలు నా నుంచి వచ్చినవే, కాదనను. నాకూ ఉన్నాయి. వాటితోనే ఇన్నేళ్లుగా ఈ ఇంటి చాకిరీ చేస్తున్నాను, అప్పుడెవరికీ మా వంశం గుర్తు రాలేదు.

నేను ఎక్స్‌రేలు చదివే డాక్టర్ని. పిల్ల ఫిల్ము చూసి, బుడిపెల వల్ల ఎముక వంగిన తీరుని బట్టి ఒకటో రకం అన్నాను, అంటే ఆగి చూడొచ్చు. మా విభాగం హెడ్డు గారు రెండో రకం అన్నారు, అంటే ఆపరేషన్. మావారు క్షణం ఆలోచించలేదు. "ఆయన చెప్పాక ఇంకేంటి? తల్లివి కదా, నీ కళ్లకి ప్రేమ అడ్డొస్తుంది." ఇంట్లో చెంచా కనపడకపోతే మాత్రం నా కళ్లే కావాలి ఈయనకి! సోమవారానికి ఆపరేషన్ ఖాయం చేసేశారు. ఒళ్లు మండింది. అంతకన్నా భయం వేసింది, ఏమో, తప్పు నాదేనేమో అని.

ఈలోగా మా విభాగంలో కొన్నాళ్లుగా సాగుతున్న ఒక పరీక్ష ముగిసింది. పరీక్ష మాకు కాదు, ఈ రకాల పద్ధతికి. పేర్లు కప్పేసిన పాత ఫిల్ముల్నే కొన్ని వారాల తేడాతో అందరం రెండుసార్లు చదివాం, ఒకే చేతికి రెండుసార్లూ ఒకే రకం చెబుతామో లేదో చూద్దామని. ఫలితాలు వచ్చాక గదంతా ఒకటే నవ్వులు. ఎవరి మాటకి వాళ్లే ఎదురు చెప్పుకున్నాం, నాతో సహా. హెడ్డు గారైతే ఒక ఫిల్ముని మొదట రెండో రకం అన్నారు, తర్వాత ఒకటో రకం అన్నారు.

"ఎవరి చెయ్యో గానీ నన్ను బాగా ఆడించింది," అన్నారాయన. జాబితాలో ఆ ఫిల్ము నంబరుకి ఎదురుగా ఉన్న పేరు చూశాను.

"మా అమ్మాయిది సార్. సోమవారం కోయబోతున్నారు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కళ్లజోడు తీసి, "చెయ్యి బాగానే తిరుగుతోందా? నొప్పుందా?" అనడిగారు.

"బాగా తిరుగుతోంది, నొప్పి లేదు. మొదటే చెప్పాను సార్. మీరు దాన్ని అమ్మ మాట అనుకున్నారు."

"అనుకున్నాను," అన్నారు. "ఆపేద్దాం. ఆర్నెల్లకోసారి నువ్వూ నేనూ విడివిడిగా చూద్దాం."

ఇంటికెళ్లి మావారిని అడగలేదు, చెప్పాను. ఆపరేషన్ కోసం పెట్టిన సెలవు మాత్రం వదులుకోలేదు. సోమవారం పిల్లా నేనూ ఈతకి బయల్దేరాం. పెళ్లయ్యాక మొదటిసారి చేతుల్లేని బట్టలు వేసుకున్నాను.

"బుడిపెలన్నీ కనిపిస్తున్నాయి! అందరూ చూస్తారమ్మా," అని కంగారుపడ్డారు అత్తగారు.

"చూడనివ్వండి అత్తయ్యా," అన్నాను. "ఇన్నాళ్లూ దాచింది నేనేగా."