నాలుగు జానల గది

శనివారం మధ్యాహ్నం అన్నం తినగానే టైలరమ్మ కుట్టుమిషన్ని గోడ పక్కకి జరిపేది. తరవాత పెద్ద అయస్కాంతం ముక్కకి దారం కట్టి నేలంతా ఈడ్చేది. వారమంతా జారిపోయిన గుండుసూదులు టకటకా వచ్చి అతుక్కునేవి. మర్నాడు ఆ గదిలో జనం మోకాళ్ళూనుతారు, ఒక్క సూది మిగిలినా ప్రార్థన సగంలో ఎవరో ఒకరు కెవ్వుమంటారు. అది అయ్యాక బల్లలు తుడిచి, పాటల పుస్తకాలు పేర్చి, చివరికి వెనకగది తలుపు తీసి లోపలికి ఒకసారి చూసి మూసేది. నలభై ఏళ్ళుగా ఇదే వరస.

ఆ ఊళ్ళో లూథరన్ సంఘం ఆమె ముందుగదిలోనే పుట్టింది. మొదట్లో ఐదుగురే. ఆమె, గడియారాలు బాగుచేసే ఆమె భర్త, వడ్రంగి, వడ్రంగి భార్య, పోస్టాఫీసులో ముద్రలు వేసే ఒక పెద్దాయన. ఐదుగురూ ఆ విశ్వాసానికి కొత్తవాళ్ళే. పాస్టరు గారు దూరం నించి బస్సులో నెలకోసారి, మొదటి ఆదివారం వచ్చేవారు. మిగతా ఆదివారాలు వడ్రంగి అచ్చుపుస్తకంలోంచి ప్రసంగం చదివేవాడు. చదువుతూ చదువుతూ "ఇక్కడ పాస్టరు గారు కాసేపు ఆగాలి" అని తనే చెప్పి, ఆగేవాడు.

ఆరో మనిషి చేరిన రోజున ముందుగది ఒక జాన పెరిగింది. జాన అంటే చెయ్యి చాపితే బొటనవేలి కొస నించి చిటికెనవేలి కొస దాకా ఉండే మేర. ఏడో మనిషికి ఇంకో జాన. అయితే ఇల్లు బయటినించి ఎంత ఉండేదో అంతే ఉంది. ముందుగది ఎంత పెరిగిందో వెనకగది అంత తగ్గింది, అంతే లెక్క. మునిసిపాలిటీ మనిషొకడు వచ్చి బయటి గోడలు కొలిచి, సరిపోయాయని రాసుకుని వెళ్ళిపోయాడు. చనిపోయినవాళ్ళ జాన మాత్రం వెనక్కి పోలేదు. టైలరమ్మ భర్త పోయి పదేళ్ళయినా కిటికీ పక్కన ఆయన చోటు అలాగే ఉంది.

కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా వడ్రంగి టేపు తెచ్చి కొలిచి, బల్లకి చెక్క అతికించేవాడు.

"వదినా, మీ ఇంటికి నడుం కొలత మళ్ళీ తగ్గిందే!"

"నీ నాలుక కొలత మాత్రం తగ్గట్లేదు" అనేది ఆమె.

వెనకగది మొదట్లో ఇరవై జానలు. నలభై ఏళ్ళలో పదహారుమంది చేరారు. ఆమె మంచం వంటింట్లోకి వచ్చేసింది, బీరువా ఎవరికో ఇచ్చేసింది. ఇక మిగిలింది నాలుగు జానలు. అందులో ఒక చెక్క ఉయ్యాల ఉంది. దాని వెడల్పు రెండున్నర జానలు.

ఆ ఉయ్యాల సంగతి చెప్పాలి. సంఘం మొదలైన రెండో ఏడు ఆమెకి ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టిన నాటినించీ ఊపిరి సరిగా అందలేదు. పిల్ల దక్కకపోయినా బాప్తిస్మం దక్కాలని ఆ తల్లి ఆరాటం. మొదటి ఆదివారానికి తొమ్మిది రోజులుంది. కంచు గిన్నెలో నీళ్ళు పోసి, పైన తెల్లగుడ్డ కప్పి, రోజూ నీళ్ళు మారుస్తూ పాస్టరు గారి కోసం ఎదురుచూసింది. శనివారం మధ్యాహ్నం పిల్ల పోయింది. మర్నాడు ముసలి పాస్టరు గారు వచ్చి, విని, ఆ గిన్నె వంక చూసి, తల దించుకుని చాలాసేపు కూచున్నారు. గది పెరగలేదు. సంఘం రిజిస్టరులో పిల్ల పేరు లేదు. ఆ పేరు ఆమె మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

పాస్టరు గారు తల ఎందుకెత్తలేదో ఆమెకి మొన్న మొన్నటిదాకా తెలీదు. సంఘం మొదలుపెట్టిన రోజుల్లో పాటల పుస్తకాలు పాడవకుండా ఆమే గుడ్డ అట్టలు కుట్టింది. గట్టిగా ఉంటాయని అంచుని లోపలికి బాగా మడిచి, చివరి కాగితంతో కలిపి కుట్టేసింది. అన్ని పుస్తకాలూ అంతే. కిందటేడు అట్టలు చినిగి కొత్తవి వెయ్యబోతూ కుట్లు విప్పితే ఆ కాగితం బయటపడింది. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకి, పాస్టరు అందుబాటులో లేనప్పుడు, విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చునని, ఎలా ఇవ్వాలో, ఏ మాటలు అనాలో అందులో అచ్చయి ఉంది. తల్లి అయినా ఇవ్వవచ్చు. నీళ్ళు చాలు. ఆమె దగ్గర తొమ్మిది రోజులూ నీళ్ళున్నాయి.

ఆ సాయంత్రం అట్టలన్నీ మళ్ళీ కుట్టింది, ఈసారి మడత చిన్నది చేసి. ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ అప్పటినించీ కొత్త మొహం కనబడితే ఆమె వెనకగది కేసి చూసేది. ఒకరు చేరితే పరవాలేదు, మూడు జానలుంటాయి. ఇద్దరు చేరితే ఉయ్యాల పట్టదు. పిల్లకి రిజిస్టరులో ఎలాగూ చోటు లేదు, ఇంట్లో కూడా లేకుండా పోతుంది.

సరిగ్గా అప్పుడే సిటీ బస్సు కండక్టరొకడు, కడుపుతో ఉన్న భార్యని వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. ఇద్దరూ చివరి బల్ల మీద ఒదిగి కూచునేవారు.

"మమ్మల్నీ చేర్చుకుంటారా అమ్మా?" అని ఒకరోజు కండక్టరు భార్యే అడిగింది.

"చోటు లేదు తల్లీ. చూస్తున్నావుగా, ఇరుగ్గా ఉంది" అంది టైలరమ్మ. "మీ వీధి చివర ఇంకో చర్చి ఉందిగా. ఇంత దూరం ఈ ఒంటితో ఎందుకు నడవడం?"

వడ్రంగి విన్నాడు. టేపు జేబులో వేసుకున్నాడు, ఆరోజు హాస్యం ఆడలేదు. ఆ దంపతులు రావడం మానేశారు.

నెల తిరక్కుండా ఒక మూడో ఆదివారం, వడ్రంగి ప్రసంగం చదువుతుండగా తలుపు తోసుకుని కండక్టరు వచ్చాడు. యూనిఫాం మీదే ఉన్నాడు. వెనక భార్య, చేతిలో తువ్వాలు మూట. బిడ్డ ఏడో నెలలోనే పుట్టాడు, రెండు రోజులైంది. ఆస్పత్రివాళ్ళు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

"అయ్యగారు లేరా?"

"మొదటి ఆదివారమేగా వచ్చేది" అన్నాడు వడ్రంగి. ఇప్పటి పాస్టరు కుర్రాయన, స్కూటరు మీద నాలుగు సంఘాలు తిరుగుతాడు. వడ్రంగి ఆయనకి ఫోన్ చేశాడు. "మూడు గంటలు పడుతుందిట బాబూ."

కండక్టరు గోడ గడియారం కేసి చూశాడు. భార్య చూడలేదు. తువ్వాలు కొంచెం తొలగించి బిడ్డ పెదాల దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటోంది. "ఎదురుచూస్తాం. వాడు ఉంటాడు. మూడు గంటలేగా" అంది.

టైలరమ్మకి ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టే అనిపించింది. తొమ్మిది రోజులేగా, అంది తనప్పుడు. లేచి వంటింట్లోకి వెళ్ళి కంచు గిన్నెతో నీళ్ళు తెచ్చింది.

"వదినా, అయ్యగారు లేకుండానా?"

"పాటల పుస్తకంలో చివరి కాగితం తియ్యి. అందరూ తియ్యండి. నా కుట్టు కిందే ఉందయ్యా ఇన్నేళ్ళూ." తల్లి వేపు తిరిగింది. "వీడి పేరేమిటి తల్లీ?"

ఆ పిల్ల చెప్పింది. టైలరమ్మ ఎడంచేత్తో ఆ చిన్న తల పట్టుకుంది, బత్తాయికాయంత కూడా లేదు. కుడిచేత్తో మూడుసార్లు నీళ్ళు పోసింది. "తండ్రియొక్కయు, కుమారునియొక్కయు, పరిశుద్ధాత్మయొక్కయు నామములో నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను." అందరూ ఆమెన్ అన్నారు.

మందపాటి గుడ్డలోకి కత్తెర దిగినట్టు చప్పుడైంది. గది ఒక జాన పెరిగింది. మూడు మిగిలాయి, ఉయ్యాల పడుతుంది అనుకుంది ఆమె మనసులో. అనుకున్నందుకు సిగ్గుపడింది.

మళ్ళీ అదే చప్పుడు.

వెనకగది తలుపు దానంతటదే తెరుచుకుంది. గోడ వెనకనించి మెల్లిగా నెడుతుంటే ఉయ్యాల గడప దాటి, బల్లల మధ్యగా వచ్చి, టైలరమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. దాని మీద నలభై ఏళ్ళ నాటి తెల్లగుడ్డ ఉతికిన వాసన వేస్తోంది, ఆమె ప్రతి నెలా ఉతికేది కదా.

వడ్రంగి అలవాటుకొద్దీ టేపు సాగదీశాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"రెండు జానలు. ఇంకొకరు ఎవరు చేరారు?"

అడిగాక ఉయ్యాల వంక చూశాడు. దాన్ని చేసింది తనే. టేపు చుట్టేసి, మొహం కిటికీ వేపు తిప్పుకున్నాడు.

"పడుకోబెట్టు తల్లీ" అంది టైలరమ్మ. "చేతులు నొప్పెడతాయి."

బిడ్డ ఆ ఉయ్యాలలో మధ్యాహ్నం దాకా ఉన్నాడు. ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. తెలిసిన పాటలన్నీ గొంతు పెంచకుండా పాడారు. పాటల మధ్యలో ఎక్కడో ఊపిరి ఆగింది. ఎప్పుడాగిందో తల్లికి తెలుసు, అయినా ఆ పాట అయ్యేదాకా ఊపుతూనే ఉంది.

పాస్టరు గారు దుమ్ము కొట్టుకుపోయి వచ్చారు. విన్నారు. ముసలాయనలా తల దించుకోలేదు. ఆ తల్లి ఎదురుగా నేలమీద కూచుని, "మీరు ఆలస్యం చెయ్యలేదమ్మా. ఏదీ తక్కువ కాలేదు" అన్నారు. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. టైలరమ్మకి నలభై ఏళ్ళలో ఎప్పుడూ రాని ఏడుపు అది, గట్టిగా, నోరారా.

రిజిస్టరు తెరిచి పాస్టరు గారు బిడ్డ పేరు రాశారు. ఇచ్చినవారు అన్నచోట టైలరమ్మ పేరు రాశారు. మూయబోతుంటే వడ్రంగి అడ్డొచ్చాడు.

"రెండు జానలయ్యగారూ. కొలిచాను."

పాస్టరు గారు ఉయ్యాలనీ గోడనీ చూసి మళ్ళీ కలం తీశారు. "రెండో పేరు చెప్పండమ్మా."

టైలరమ్మ దారం తడి చేసుకున్నట్టు నాలికతో పెదాలు తడుపుకుని, అప్పుడు చెప్పింది. అంత చిన్న పేరు. కండక్టరు భార్య అది విని తనూ ఒకసారి మెల్లిగా అంది, మర్చిపోకుండా ఉండడానికన్నట్టు.

"ఏ తేదీ వెయ్యమంటారు?"

"ఇవాళ్టిదే వెయ్యండి."

వెళ్ళేముందు కండక్టరు భార్య గుమ్మంలో ఆగింది. "వచ్చే ఆదివారం మేం..." అని ఆపేసింది.

"రండమ్మా" అంది టైలరమ్మ. "చోటుంది."

మరుసటి మొదటి ఆదివారం ఇద్దరినీ చేర్చుకున్నారు. ఆ సాయంత్రం ఆమె వెనకగది తలుపు తీస్తే ఎదురుగా గోడ తగిలింది, సున్నం ఇంకా చల్లగా ఉంది. కాసేపు దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది. తరవాత తలుపు దగ్గరికి వేసి, ముందుగదిలోకొచ్చి, బల్ల చివర ఖాళీగా ఉన్న రెండు జానల పక్కన కూచుంది.