ఎలుకల తరవాతి వంతు

టాంపినీస్‌లో సుస్మిత ఉండే అపార్ట్‌మెంట్ల బ్లాకు కింద రాతి బల్ల ఉంది. వీరాస్వామి కూర్చోలేదు. కుడికన్ను కారం పడ్డట్టు మండుతోంది. అతను షిప్‌యార్డులో వెల్డరు. మంట వెలుగు కొట్టిందనుకుని మొదట్లో లక్ష్యపెట్టలేదు. వలస కార్మికులుండే డార్మిటరీకి వాలంటీర్లు కంటి పరీక్షలకు వచ్చినప్పుడు, డాక్టరు మాటల్ని తెలుగులో విప్పి చెప్పింది సుస్మితే. అది హెర్పిస్ అనే వైరస్. ముఖం లోపలి నరంలో దాక్కుంటుంది. మాత్రలతో నిద్రపుచ్చగలరు గానీ పెరికెయ్యలేరు. వెంటనే ఆస్పత్రికి వెళ్లమన్నారు. దాని జన్యువులనే కత్తిరించే మందు మీద తమ ల్యాబులో పని జరుగుతోందని ఆవేళే ఆమె నోరు జారింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ ఆదివారం డార్మిటరీ దగ్గరి బూన్ లేలో రైలెక్కి ఇక్కడికొచ్చాడు.

"ఆ కత్తెర మందేదో నాకేసెయ్యండమ్మా."

"అన్నా, అది ఇంకా ఎలుకల స్టేజ్‌లోనే ఉంది. మనుషులదాకా రావాలంటే ఏళ్లు పట్టచ్చు. అసలొస్తుందో లేదో కూడా చెప్పలేను."

"ఎలకలకి ఈ జబ్బెలాగొచ్చింది?"

"మేమే ఎక్కిస్తాం."

"మరింకేటి? నాకెక్కించే పని కూడా నేదు మీకు. సరుకు రెడీగా ఉంది."

సుస్మిత నవ్వబోయి ఆగిపోయింది. అతను నవ్వడం లేదు.

"తరవాత ఎలకల్నేటి సేస్తారు?"

ఆమె బల్ల మీది చదరంగం గళ్లను వేలితో రుద్దింది. "నరంలో వైరస్ పోయిందో లేదో... బయటికి తీసి చూడాలి కదా."

"సంపేస్తారన్నమాట."

"అవును."

వీరాస్వామి కుడి కణత వేలితో చూపించాడు. "ఒక పక్క నరమే కదమ్మా. కోసి సూసుకోండి. కన్ను మిగిల్తే సాలు. అతుకు వంకరపోతంది. సూపర్‌వైజరు కనిపెడితే ఇమానం టిక్కెట్టు సేతిలో ఎట్టి ఇంటికి పొమ్మంటాడు."

"మాత్రలు వాడుతున్నారా?"

"ఆస్పత్రికెళ్తే యార్డుకి తెలిసిపోద్దని, ఇదేస్తన్నాను." జేబులోంచి చిన్న సీసా తీశాడు. "పొద్దున్నే సుక్కేస్తే కన్ను తెల్లగవుద్ది. యార్డు గేటు దాటీయొచ్చు."

పేరు చదివి ఆమె బిక్కచచ్చిపోయింది. "ఇది స్టెరాయిడ్ అన్నా! పైకి ఎరుపు అణిచేసి లోపల వైరస్‌ని పెంచుతుంది. ఎవరిచ్చారు?"

"రూమందరిదీని. ఎవులికి ఎలుగు కొట్టినా ఇదే."

"వాళ్లలో ఇంకెవరికైనా మీలాంటిదే ఉంటే?"

గదిలో తన పై మంచం మీద పడుకునే తిరుమలేష్ పొద్దున్న కంటి మీద తడిగుడ్డ వేసుకుని, "మామా, సాయంత్రం సీసా తెచ్చీ" అనడం వీరాస్వామికి గుర్తొచ్చింది. రేపు గేటు దాటించేది ఆ చుక్కే. సీసా మూత విప్పి, కాలవ మీద బోర్లించి, ఆఖరి బొట్టు దాకా పిండాడు.

ఫోను తీశాడు. "ఒరే తిరుమలేషూ, సీసా కోసం సూడకు. నా కంటికి తగిలింది ఎలుగు కాదురా, జబ్బు. నువ్వు డాక్టరుకి సూపించుకో. రూములో అందరికీ సెప్పీ."

"అందరికీనా? సూపర్‌వైజరు సెవిని పడితే మామా?"

"పడనీ."

ఫోను జేబులో వేసుకుని సుస్మిత వైపు తిరిగాడు. కుడికంట్లోంచి నీరు ధారగా కారుతోంది.

"ఆస్పత్రెక్కడో సూపించండమ్మా. ఎలకల తరవాత పేరు మాత్రం నాది రాసుకోండి."