దీవెనకు రాసిన చీటీలు

"దీనికి అచ్చం నీ బుర్రే వచ్చింది సారా," అన్నాడు సుందరరావు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి పెన్ను మూత బిగిస్తూ.

సారమ్మ అప్పుడు అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. 1966 అక్టోబరు. మూడో తరగతి చదువుతున్న కూతురు దీవెనకి తెలుగులో నూటికి పద్దెనిమిది వచ్చాయి. ఆ అంకె కింద టీచరు ఎర్రసిరాతో రెండు గీతలు గీసింది. తండ్రి అన్న మాట దీవెన తలుపు పక్కన నిలబడి విన్నది. సారమ్మ చొక్కా తిరగేసి కాలరు మీద ఇస్త్రీపెట్టె ఇంకొంచెం గట్టిగా నొక్కింది.

నీ బుర్ర. ఆ మాట ఆ రోజంతా ఆమె వెనకే తిరిగింది. ఆ బుర్రతోనే గుంటూరులో టీచర్ ట్రైనింగ్ పాసయింది. ఆ బుర్రతోనే రేపల్లె మిషన్ స్కూల్లో మూడేళ్లు ఒకటో తరగతికి పాఠం చెప్పింది. చేపల బుట్టల పక్కన పెరిగిన పిల్లలు, పలక ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియని పిల్లలు ఆమె దగ్గరే అక్షరాలు నేర్చుకుని వెళ్లారు. తరవాత సుందరరావుకి యూనివర్సిటీలో ఎడ్యుకేషన్ లెక్చరరు ఉద్యోగం వచ్చింది. తార్నాకలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నారు. దగ్గర్లోనే ఒక స్కూల్లో టీచరు కావాలని తెలిసి ఆమె అడిగితే, "ఇద్దరం చెరోవైపు పోతే ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు. కోప్పడలేదు. లెక్క చెబుతున్నట్టు అన్నాడు. అప్పట్నించీ అతను రోజూ క్యాంపస్‌కి నడిచి వెళ్లి, పిల్లలకి చదువెలా చెప్పాలో రేపటి టీచర్లకి చెప్పి వస్తున్నాడు. పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్ర అతని పరిశోధన. కూతురి టీచరు పేరేమిటని అడిగితే మాత్రం సారమ్మ వైపు చూస్తాడు.

ఆ సాయంత్రం సారమ్మ తెలుగు వాచకం తెరిచి దీవెనని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. 'స్నేహం' అనే మాట దగ్గర పిల్ల ఆగిపోయింది. "సేహం" అంది. మళ్లీ చదవమంటే మళ్లీ అదే. తొమ్మిదోసారో పదోసారో సారమ్మ చెయ్యి లేచింది. దెబ్బ చెంప మీద పడింది. పడిన క్షణంలోనే ఆమెకి తెలిసిపోయింది, అది పిల్ల మీద కోపం కాదని. పొద్దుట ఇస్త్రీపెట్టె దగ్గర మింగిన మాట ఆ చేతిలోకి వచ్చింది. రేపల్లెలో మూడేళ్లలో ఒక్క బిడ్డ మీద కూడా చెయ్యెత్తని మనిషి!

దీవెన ఏడవలేదు. పుస్తకం మూసి, ట్రంకుపెట్టె వెనక్కి తోసేసింది. నాలుగు నెలలు దాన్ని ముట్టలేదు. బతిమాలినా అంతే, బెదిరించినా అంతే. బడికి వెళ్లేది, వచ్చేది. పుస్తకం అనే మాట వినపడితే పెరట్లోకి పోయేది. మొదటి రెండు నెలలూ సారమ్మకి అన్నం సయించలేదు. నా చేతులతో నేనే తలుపు మూసేశానా అని తనని తాను ప్రశ్నించుకునేది.

క్రిస్‌మస్ ముందు ఒకరోజు ఇద్దరూ కూరగాయలకి బజారుకి వెళ్లారు. లాండ్రీ దుకాణం ముందు దీవెన నిలబడిపోయింది. బోర్డు వైపు మెడ చాచి, తనలో తాను, "ఉన్ని... బట్టలు... ఉతకబడును," అని చదువుకుంది. ఎవరూ చదవమనలేదు. ఎవరూ వినడం లేదనుకుంది. సారమ్మకి అప్పుడు తెలిసింది. పిల్లకి చదవడం రాక కాదు. ఎదురుగా కూర్చుని ఎవరైనా తన నోటివంకే చూస్తుంటే మాట పెగలడం లేదు. ఆ మాట తెలిశాక కూడా శభాష్ అనలేదామె. విననట్టే వంకాయలు బేరమాడింది.

మర్నాడు సారమ్మ దీవెన టిఫిన్ డబ్బాలో మూత కింద ఒక చీటీ పెట్టింది. 'ఈ రోజు బెండకాయ వేపుడు. నీకిష్టమని చేశాను. అమ్మ.' సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చింది. చీటీ లేదు. రోజుకొక చీటీ వెళ్లింది. పదకొండో రోజున డబ్బాలో నోటుబుక్కు కాగితం చింపిన ముక్క ఒకటి వచ్చింది. 'వేపుడు మాడింది.' సారమ్మ ఆ ముక్క పట్టుకుని వంటింట్లో ఒక్కతే నవ్వింది, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా. అట్లా మొదలైంది. సంక్రాంతి సెలవులయ్యాక వచ్చిన జవాబు ఇంకోటి ఆమెకి కంఠతా వచ్చు. 'అమ్మా నువు కోట్టినందుకు కోపం పోయింది. పుస్తకం మీద పోలేదు.' తప్పులు దిద్దలేదామె. 'పోయినప్పుడే పోనీ,' అని రాసింది. ఫిబ్రవరిలో ట్రంకుపెట్టె వెనకనుంచి వాచకం దానంతట అదే బయటికి వచ్చింది. పెద్దపరీక్షల్లో తెలుగుకి అరవై ఒకటి వచ్చాయి.

"ఏం చేశావు?" అని అడిగాడు సుందరరావు. పెళ్లయిన పదేళ్లలో ఆమె చేసిన పని గురించి అతను అడగడం అదే మొదలు. సారమ్మ సంబరపడిపోయి అంతా చెప్పింది. దెబ్బ సంగతి కూడా చెప్పింది. అతను శ్రద్ధగా రాసుకున్నాడు. వారం తిరక్కుండా తల్లీకూతుళ్లిద్దరి చీటీలూ దాచిన బిస్కెట్ డబ్బా అలమరలో కనపడలేదు. అడిగితే, "డిపార్ట్‌మెంట్‌లో ఉంది, పనుంది," అన్నాడు.

ఆ పనేమిటో జూలైలో తెలిసింది. క్యాంపస్‌లో పనిచేసే తల్లిదండ్రులందరికీ డిపార్ట్‌మెంట్ హాల్లో సభ పెట్టారు. సారమ్మ దీవెనని తీసుకుని వెళ్లి మూడో వరసలో కూర్చుంది. సుందరరావు బాగా మాట్లాడాడు. "ఒక ఇంట్లో ఈ ప్రయోగం చేశాం," అన్నాడు. "పిల్లలో భయాన్ని గమనించాం. చీటీల పద్ధతి రూపొందించాం." దెబ్బ సంగతి లేదు. మాడిన వేపుడు లేదు. బిస్కెట్ డబ్బాలోని చీటీలు ముందు వరసనుంచి చేతులు మారుతూ వస్తున్నాయి. ఎవరో ఒకటి చదివి కిసుక్కుమన్నారు.

దీవెన వేళ్లు సారమ్మ చేతిలో బిగుసుకున్నాయి. "అమ్మా, నా ఉత్తరాలు వాళ్లెందుకు చదువుతున్నారు? నువ్విచ్చావా?"

"లేదమ్మా."

"మరి నువ్వు వద్దని చెప్పలేదా?"



ఇంతలో వెనక వరసలో ఒకామె లేచింది. లేడీస్ హాస్టల్లో ఆయాగా పనిచేసే లచ్చమ్మ. లాలాపేట్ నుంచి డ్యూటీకి వస్తుంది. "సారూ, నా బిడ్డ పుస్తకం ముంగట కూసుంటనే ఏడుస్తది. గప్పుడు మీరేం జేస్తరు?"

"ఓర్పు వహించాలమ్మా. పిల్లల మానసికస్థితిని గమనిస్తూ..."

"ఓర్పు సరే సారూ. గంటసేపు ఏడిస్తే గంట ఓర్సుకుంటరా? గా పూట పొయ్యికాడ ఎవరుంటరు? ఇగ నాకు సదువే రాదు. చీటీ ఏడికెల్లి రాయాలె?"

హాల్లో నవ్వులు లేచాయి. సుందరరావు కాగితాలు తిప్పాడు. ఆ కాగితాల్లో అది లేదు. మూడో వరస వైపు చూశాడు. ఇంటికొచ్చిన చుట్టాలు కూరలో ఉప్పు తక్కువైందన్నప్పుడు చూసే చూపు అది.

సారమ్మ లేచి నిలబడింది. "లచ్చమ్మగారూ, మా పిల్ల ఏడవలేదు. నేను కొట్టాను. నాలుగు నెలలు పుస్తకం ముట్టలేదు. ఆ చీటీలు నేనే రాశాను, కొట్టినందుకు ఎట్లా క్షమాపణ అడగాలో తెలియక. మీకు చదువు రాకపోతే మరీ మంచిది. సాయంత్రం మీరు పని చేసుకుంటూ, నాకీ అక్షరమేమిటో చెప్పవే అని మీ బిడ్డనే అడగండి. మీకు నేర్పడానికి అది నేర్చుకుంటుంది."

"గట్లనా?" అంది లచ్చమ్మ. "గట్లయితే అడుగుత. తప్పు చెప్పినా నాకెట్లయినా తెల్వది గద, కొట్టుడే ఉండదు." ఈసారి నవ్వులు వేరుగా ఉన్నాయి.

సారమ్మ కూర్చోలేదు. వరసల మధ్యకి వెళ్లి ఒక్కొక్కరి చేతిలోంచి చీటీలు తీసుకుంది. తెచ్చి దీవెన ఒళ్లో పెట్టింది.

ఇంటికి నడుస్తుంటే సుందరరావు నాలుగడుగులు ముందు నడిచాడు. గుమ్మంలో ఆగి, "నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చేశావు," అన్నాడు.

"నేను నా సంగతే చెప్పానండీ. మీ సంగతి ఒక్కటీ చెప్పలేదు."

నాలుగోనాడు, ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చాక, పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా అతనే వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. "మా హెడ్ పార్థసారథిగారు వ్యాసం అచ్చుకి పంపమంటున్నారు. అసలు విషయం మీ ఆవిడ చెప్పిందేనయ్యా, అది రాయి అన్నారు. నువ్వు రాసివ్వు. నేను ఇంగ్లీషులో పెడతాను. చివర నీ సహకారానికి కృతజ్ఞతలని వేస్తాను."

సారమ్మ బియ్యం ఎసట్లో పోసి చేతులు తుడుచుకుంది. ముందు గదిలోకి వెళ్లి, ఏనాడూ తుడవడానికి తప్ప ముట్టని అతని బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాస్తాను. తెలుగులోనే రాస్తాను. నా పేరు పెట్టి రాస్తాను. మీరు చేసిన పనేదైనా ఉంటే అది మీరు రాసి, మీ పేరు పెట్టుకోండి."

"మరి చీటీలు?" అన్నాడతను.

"అవి నావి కావు. దీవెనని అడగండి."

అతను మెల్లగా బయటి మెట్ల మీదికి వెళ్లాడు. కూతుర్ని ఏమని పిలిచి, ఏమని మొదలుపెట్టాలో తెలియని మనిషి దగ్గు ఆమెకి లోపలికి వినిపించింది. కాసేపటికి దీవెన గొంతు: "ఇవ్వను. మీరు కూర్చుంటే ఒకటి చదివి వినిపిస్తా. నవ్వకూడదు." మెట్టు మీద మనిషి కూర్చున్న చప్పుడు.

కాగితం సగం నిండింది. వంటింట్లో మూత ఎగిరెగిరి పడుతోంది. "సారా, అన్నం పొంగుతోందే!" అని మెట్ల మీదనుంచి అరిచాడతను.

"ఉడికినట్టుంది. మెతుకు పట్టి చూసి వార్చండి," అంది సారమ్మ తలెత్తకుండా, రాస్తూనే.