ఆడి నెలలో పెళ్లి

విల్లియనూరు రోడ్డులోని ఆ కల్యాణ మండపానికి నిన్నమొన్నటిదాకా మేనేజరు అరుణాచలం మాటే వేదం. ఏ ముహూర్తానికి ఎవరి పెళ్లో అడిగితే చాలు, తడుముకోకుండా చెప్పేవాడు. ఓనరు గోవిందరాజన్ అతన్ని అడగకుండా ఎవరికీ తేదీ ఇచ్చేవాడు కాదు.

ఇప్పుడు యానాం నుంచి పల్లవి అనే పిల్ల వచ్చింది. మండపాన్ని ఫోన్లోనే బుక్ చేసుకునేలా వెబ్‌సైటు కట్టింది. "పాపా, పాపా" అంటూ గోవిందరాజన్ ఆమె కుర్చీ చుట్టూ తిరుగుతుంటే అరుణాచలానికి కడుపులో కుంపటి రాజుకునేది.

"ఇంక నీకు శ్రమ లేదప్పా," అన్నాడు ఓనరు ఒకనాడు.

శ్రమ లేదట! చెప్పుతో కొట్టి పన్నీరు చల్లినట్టు.

ఆ కచ్చతోనే ఒక పొద్దున కంప్యూటరులోకి తొంగిచూశాడు. పొన్నమ్మాళ్ కూతురి పెళ్లి జూలై ఇరవై అని ఉంది. అంటే ఆడి నెల, తెలుగువాళ్ల ఆషాఢంలాగే పెళ్లిళ్లకు పనికిరానిది. ఆడిలో ఈ ఊళ్లో ఎవడు తాళి కడతాడు? ఆవిడ జూన్ ఇరవై అని అతని కళ్లముందే ఫోన్లో నొక్కింది. ఇంకా చూశాడు. జూన్ పెళ్లిళ్లన్నీ జూలైలో కూర్చున్నాయి. జూన్ బోసిగా ఉంది.

చెప్పబోయాడు. లోపల పల్లవి నవ్వు, దాని వెనకే ఓనరు నవ్వు వినిపించాయి. నోరు మూసుకున్నాడు. పడనీ. ఆ పిల్ల నలుగురి ముందూ పడనీ.

ఆ సాయంత్రమే గోవిందరాజన్ తెర చూసుకుంటూ బావమరిది రాఘవన్‌కు ఫోన్ చేశాడు. "రాఘవా, జూన్ ఇరవై ఖాళీగానే ఉండాది. నీ కొడుకు పెళ్లికి మాటిచ్చేసినా, పో!"

పక్కనే నిలబడ్డ అరుణాచలం తమలపాకుకు సున్నం రాసుకుంటూ ఉండిపోయాడు.

రెండు రోజులకు పొన్నమ్మాళ్ ఫోన్ ఎత్తి చూపిస్తూ ఊడిపడింది. "ఏంది తమ్ముడా ఈ మెసేజీ? నా బిడ్డకు ఆడిలో తాళి కట్టించి ఊరంతా నవ్వాలనా?"

గోవిందరాజన్ మొహం పాలిపోయింది. అరుణాచలం గుండెల్లో తేనె కారింది.

పల్లవి తెర చూసి లేచి నిలబడింది. "తప్పు నాదేనండి. జావాస్క్రిప్టులో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి. జనవరి సున్నా, ఫిబ్రవరి ఒకటి. జూన్ కదా అని ఆరు పంపితే అది జూలై అనుకుంటుంది. ఒకటి తగ్గించి పంపాలి, మర్చిపోయాను." కూర్చుని సరిచేసింది. పెళ్లి మళ్లీ జూన్‌లోకి వచ్చింది.

గోవిందరాజన్ నిట్టూర్చాడు. "పోనీలే పాపా. తప్పు ఒప్పుకునే గుండె ఎంతమందికి ఉంటాది? రాఘవన్ కాళ్లు నేను పట్టుకుంటా."

తిట్టలేదు! పైగా మెచ్చుకోలు! అరుణాచలం తల గిర్రున తిరిగింది. "దీంట్లో గొప్పేముండాదన్నా? నేను మొన్ననే కనిపెట్టినా!"

గోవిందరాజన్ అతని వైపు తిరిగాడు.

"మొన్ననా? నేను రాఘవన్‌కు మాటిచ్చేటప్పుడు నువ్వు యాడుండావు?"

"ఈడనే..."

గోవిందరాజన్ కేకలేయలేదు. "తాళంచెవులు పాపకిచ్చి పో," అన్నాడంతే.

తాళంచెవులు బల్లమీద పెడుతూ అరుణాచలం పల్లవి వైపు చూశాడు. ఎగతాళిగానైనా ఆమె ఒక్క చూపు చూసుంటే, తిట్టుకోవడానికి ఆసరా దొరికేది. ఆమె మిగతా పెళ్లిళ్లను ఒక్కొక్కటిగా జూన్‌లోకి చేరుస్తోంది.