ఎవరిదమ్మా ఈ సంచి

మా అత్తగారికి ఒక జబ్బుంది. ఎవరైనా ఏదైనా మర్చిపోయి వెళ్లిపోతే ఆవిడ కాలు ఒక చోట నిలవదు. ఆ మనిషిని పట్టుకుని వస్తువు చేతిలో పెట్టి, నాలుగు చీవాట్లు కూడా పెట్టాకే మళ్లీ కొట్లో కూర్చుంటుంది. ఈ జబ్బు ఆవిడొక్కదానిదే అయితే నేనేదో తిప్పలు పడేదాన్ని. కానీ మా బజారు బజారంతటికీ ఉంది. ఇక్కడ మర్చిపోయిన కళ్లజోడు, మర్చిపోయిన గంప, ఆఖరికి ఒకసారి మర్చిపోయిన పిల్లాడు, అన్నీ కొట్టు నుంచి కొట్టుకు చేతులు మారుతూ సొంతదారు కంటే ముందే గేటు దగ్గరికి చేరిపోతాయి. మాకదో గర్వం.

మాది పైకప్పున్న బజారు. ముందొక గేటు, వెనకొక గేటు. వెనక గేటు పక్కనే గుండీలు, దారాలు, జిప్పులు అమ్మే మా కొట్టు. ఎదురుగా గొడుగులు బాగుచేసే పిన్ని. మాకు చుట్టరికమేమీ లేదు, బజారంతా ఆవిణ్ణి పిన్ని అనే పిలుస్తుంది. కిందటేడాది దాకా ఆ కొట్లో కూర్చున్నది బాబాయి.

కిందటేడాది ఎవరో వెనక గేటు దగ్గర ఒక సంచి పెట్టి వెళ్లారు. బాబాయి చూశాడు. పాపం ఎవరో మర్చిపోయారనుకుని దాన్ని భుజాన వేసుకుని వెతకడానికి బయల్దేరాడు. అందులో ఉన్నది బాంబు. ఇంతకంటే వివరంగా చెప్పడం నావల్ల కాదు.

ఆ తర్వాత ప్రభుత్వం కదిలింది. మొదట పెద్దవాళ్లు వరసగా వచ్చి విచారంగా ఫొటోలు దిగి వెళ్లారు. తర్వాత నిజంగానే పని జరిగింది, అబద్ధమెందుకు చెప్పాలి. బండ్లు దూసుకురాకుండా ముందు గేటు దగ్గర సిమెంటు దిమ్మెలు పాతారు. స్తంభానికో కెమెరా పెట్టారు. చెత్తడబ్బాలు తీసేసి, లోపల ఏముందో కనబడేలా పల్చటి ప్లాస్టిక్ సంచులు వేలాడగట్టారు. వెనక గేటుకు మాత్రం తాళం వేశారు.

ఆ తాళంతో పిన్ని బతుకు ఆగిపోయింది. గుండీ కావాలంటే జనం వెతుక్కుంటూ వస్తారు. గొడుగు బాగుచేయించుకోవాలన్న సంగతి మాత్రం దారిలో కొట్టు కనబడితేనే గుర్తొస్తుంది. గేటు మూసుంటే ఆ మూలకు వచ్చేదెవరు? పిన్ని ఇక కొట్టెత్తేస్తానని అన్నప్పుడల్లా, "ఇంకొంచెం ఓపిక పట్టవే," అని అత్తగారు బతిమాలేది.

అలాంటి సమయంలో భద్రత పని మీద ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎప్పుడు చూసినా సంచుల గురించే మాట్లాడతాడని ఆయనకు సంచుల సార్ అని నేనే పేరు పెట్టాను. ఆయన మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. సంచి కనబడితే ముట్టుకోకండి, పక్కవాళ్లను తీసుకుని దూరంగా వెళ్లండి, మాకు చెప్పండి. ఎప్పుడో ఒకరోజు చెప్పకుండా మా మనిషొకడు ఇక్కడ సంచి వదిలి వెళతాడు, మీరు సరిగ్గా నడుచుకుంటే వెనక గేటు తెరుస్తాం, లేదంటే అక్కడ గోడ కట్టేస్తాం అన్నాడు. అందరికంటే ముందు వరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా తలూపింది మా అత్తగారు.

వారం తిరిగిందో లేదో, ఒకాయన మా కొట్లో జిప్పు కొనుక్కుని వెళ్లాడు. నేను కింద పెట్టెలు సర్దుకుని తలెత్తేసరికి అత్తగారు లేదు. ఆకుపచ్చ సంచి ఒకటి చంకలో పెట్టుకుని బజారు మధ్యలో పరిగెడుతోంది.

"బాబూ, ఆగు నాయనా, నీ సంచి."

పాపం ఆయనకు దొరక్కుండా వెళ్లమని చెప్పారు కాబోలు, నడక పెంచాడు. ఈవిడా పెంచింది. మధ్యలో టైలరు అడ్డం తిరిగాడు, గిన్నెల కొట్టాయన చొక్కా పట్టుకున్నాడు. చివరికి ముందు గేటు దగ్గర, సరిగ్గా ఇన్‌స్పెక్టరు ముందే, అత్తగారు సంచి ఆ జిప్పు కొన్నాయన చేతిలో కుక్కింది.

"ఇంత మతిమరుపైతే ఎలా నాయనా? ఇంట్లో వాళ్లు నీతో ఎలా వేగుతున్నారు?"

ఇన్‌స్పెక్టరు తల పట్టుకున్నాడు. "అమ్మా, మీరు బాంబును బజారంతా ఊరేగించి నా దగ్గరికి తెచ్చారు."

"అయితే ఇది నీదా?" అంది ఆవిడ.

బజారంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. పిన్ని నవ్వలేదు. వెళ్లి గొడుగు ఊచలు ఒక్కొక్కటే గోనెలో సర్దడం మొదలుపెట్టింది. అది చూశాక అత్తగారి మొహం నల్లబడింది.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు మా కొట్టుకొచ్చాడు. టీ ఇచ్చాను. ఇంకోసారి చూస్తామని, అదే ఆఖరని చెప్పాడు. అత్తగారు చాలాసేపు దారపు ఉండలు సర్దుతూ కూర్చుని, చివరికి అసలు మాట బయటపెట్టింది.

"ముట్టుకోవద్దంటే మానేస్తాను సార్. కానీ ముట్టుకోవడం తప్పని నేను ఒప్పుకుంటే, మా మరిది తప్పు చేసి పోయాడన్నట్టే కదా. ఎదురుగా కూర్చున్న దాని మొహం ఎలా చూడను?"

ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టాడు. "తప్పు ఆయనది కాదమ్మా. అంతకుముందు మేమెవరమూ ఇక్కడికొచ్చి ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు. చెప్పని తప్పు మాది."

ప్రభుత్వం మనిషి నోట ఆ మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన మీద వేళాకోళాలు తగ్గించాలనుకున్నాను.

అత్తగారు కళ్లు తుడుచుకుంది. "ముట్టుకోను సరే. అరవొచ్చా?"

"దూరంగా వెళ్లి ఎంతైనా అరవండి."

అదీ మాకు చేతనైన పని. సంచి చూసినవాళ్లు దూరం జరిగి కేకేయాలి, ఆ కేక పక్క కొట్టువాడు అందుకోవాలి, అలా పోలీసుల దాకా పోవాలి, జనాన్ని వెంటబెట్టుకుని అందరూ బయటికి నడవాలి. సొంతదారు అక్కడే ఉంటే వాడి చెవినా పడుతుందని అత్తగారి ఆశ.

ఒక మధ్యాహ్నం ఎవరో గొడుగు బాగుచేయించుకుని వెళ్లారు. పీట పక్కన నల్ల సంచి ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరు మనిషి పెట్టిందో, నిజంగానే బాంబున్నదో ఎవరికి తెలుసు? ముందు చూసింది మా అత్తగారే. నా చెయ్యి పట్టుకుని చకచకా దూరం లాక్కొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే పిన్ని రాలేదు. సంచి మీదికి వంగి, దాని వైపు చెయ్యి చాపి ఉంది.

అత్తగారు పరిగెత్తుకెళుతుందనుకున్నాను. వెళ్లలేదు. నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని అక్కడే నిలబడింది.

"చెల్లీ, అది వదిలేసి నా దగ్గరికి రా."

"ఎవరిదో అక్కా, పాపం."

"ఎవరిదైనా కానీ. నాకు నువ్వు కావాలి. రా."

పిన్ని సంచి వైపు చూసింది. అత్తగారి వైపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లిగా నడిచి వచ్చేసింది. అప్పుడు ఎత్తింది మా అత్తగారు గొంతు. "గొడుగుల కొట్లో సంచి, అందరూ బయటికి నడవండి." టైలరు అందుకున్నాడు, గిన్నెల కొట్టాయన అందుకున్నాడు. కేక మాకంటే ముందే గేటు చేరింది. బజారంతా ఖాళీ అయింది.

బయట ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. సంచి ఆయన మనుషులదే. రేపే వెనక గేటు తాళం తీయిస్తానన్నాడు. టైలరు ఎవరో సంబంధం లేని మనిషిని రెక్క పట్టుకుని తెచ్చి, సంచి వీడిదేనని వాదిస్తున్నాడు. జనమంతా ఈలలు, చప్పట్లు.

పిన్ని ఇదేమీ విన్నట్టు లేదు. సిమెంటు దిమ్మె మీద అత్తగారి పక్కన కూర్చుని ఉంది.

"ఆ రోజు ఆయన్ని ఇలా రమ్మని మనమెవరమూ పిలవలేదు కదక్కా."

"పిలవాలని మనకు తెలియదు కదే," అంది అత్తగారు.

పిన్ని ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. బాబాయి పోయిన నాటి నుంచి ఆవిడ ఏడవడం మేమెవరమూ చూడలేదు. ఇన్‌స్పెక్టరు చూస్తున్నాడని తెలిసి కూడా నేనూ ఏడ్చేశాను.