నవ్వుతున్న బొమ్మ ఎవరిది

ముక్కుతో అయితే పేచీ లేదు, ముక్కు అన్ని పేజీల్లోనూ ఒకటే, కాస్త లావుగా, కొసన గుండ్రంగా, మరి ఎడిటర్ మేడం ఎందుకలా అంది, నవనీతా, మీ పుస్తకమంతా ఒక్క అమ్మ కథే కదా, పేజీకో మనిషిలా ఉందేమిటి, సాయంత్రంలోగా సరిచేసి పంపండి, లేకపోతే ఈ ఏడు మీ పుస్తకం వేయలేం అని, ఫోన్ పెట్టేసి చాలాసేపయినా ఆ మాట చెవిలోనే ఉంది, తిరుమలగిరిలో అమ్మ ఇంటి ముందు రేకుల కింద కాగితాలన్నీ పరిచి, ఎగిరిపోకుండా చెంబూ పప్పుగుత్తీ బరువు పెట్టి, నవనీత ఒక్కో మొహాన్నీ స్కేలుతో కొలుస్తోంది, కళ్ల మధ్య ఎడం, చెవి ఎత్తు, హైదరాబాదులో బొమ్మల కాలేజీ సారు నేర్పిన కొలతలే, నీకు చెయ్యి ఉంది గానీ ఈ కామిక్స్ పిచ్చి మానెయ్, గళ్లల్లో బొమ్మలు కళ కాదు అన్నదీ ఆ సారే, ఆ కళతో కొలువు దొరక్క చివరికి నల్లగొండలో ఫ్లెక్సీల దుకాణం, పుట్టినరోజు లీడర్ల మొహాలు తెల్లబరిచే పని, ఓనరు విజేందరన్న వెనకనుంచి వంగి చూస్తూ, జర మీసం దట్టం చెయ్ చెల్లె, నెత్తి మీద గూడ కొంచెం పెట్టు, దేవుడు ఇయ్యంది మనమన్న ఇద్దాం అనేవాడు, పని లేనప్పుడు సరదాగా గీసి ఫోన్లో పెట్టిన హాస్టల్ పిల్ల బొమ్మలు ఎవరెవరో చూసి ఎవరెవరికో పంపి, ఓ వారపత్రిక పిలిచి పేజీ ఇచ్చి, ఇప్పుడు పుస్తకం, మేకలు కాసి కూతుర్ని చదివించిన అమ్మ కథ, అట్ట మీద తన పేరు, అంతా ఈ కొలతల దగ్గర ఆగిపోతుందా, కొలతలన్నీ సరిపోతున్నాయే, మరి తేడా ఎక్కడ

ఎవలే గింతమంది ఆడోళ్లు, అని వెనక అమ్మ గొంతు, సైదమ్మ మేకల్ని దొడ్లోకి తోలి కొంగుతో మెడ తుడుచుకుంటోంది, గింతమంది కాదమ్మా, ఒక్కతే, నువ్వే, గీ గడిల నీళ్లు తోడుతున్నవ్, గీ గడిల నన్ను బస్సెక్కిస్తున్నవ్, నేనా, నేనేడున్ననే, గీమె మీ భాగ్యలక్ష్మి పెద్దమ్మ, కోపమొస్తె అచ్చం గిట్లనే పెదవి కొరుకుతది, గోడకు ఒరిగింది మా అవ్వ, పాణం బాగలేనప్పుడు గట్లనే కూసునేది, గీ నవ్వేటిది పక్కింటి మల్లీశ్వరి చిన్నమ్మ, ఎంత మంచిగ దించినవే, పంటి సందు గూడ, మరి నువ్వేదమ్మా, ఏమో, నన్నడిగితె నాకేం తెలుసు, గీసింది నువ్వాయె, ఆ మాటలో నొచ్చుకోవడమేమీ లేదు, నవనీత మాత్రం కాగితాలన్నీ మళ్లీ చూసింది, నిజమే, చిన్నమ్మ పంటి సందే, తన చేతితోనే గీసి తనకే తెలియకపోవడం ఎలా

సరే కూసో అమ్మా, ఇప్పుడే గీస్త అంటే, ఆగు వస్త అని లోపలికి పోయి, మొహానికి పౌడరు, కొత్త చీర, తడిచేత్తో దువ్విన తల, పీట మీద మోకాళ్లపై చేతులు పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంది, జర నవ్వమ్మా, నవ్వుతరా, ఆధార్ కాడ గట్లనే నవ్వితె ఆ పిలగాడు ఫోటో మళ్ల తీసిండు, మొకం గుర్తువడకపోతె బియ్యం ఇస్తరా, పెన్సిలు కదలడం లేదు, ఈ బిగిసిన మొహం తనకు బాగా తెలుసు, హాస్టల్ గేటు దగ్గర ఆదివారాలు తనను చూడొచ్చి నిలబడ్డది ఇదే, కాలేజీ ఫీజు రోజు ఆఫీసు ముందు నిలబడ్డదీ ఇదే, సెలవులకు వస్తే అమ్మ చీకటితోనే మేకల వెంట, తను నిద్రలో, మిగతా అమ్మ అంతా ఫోన్లో తిన్నవా అనే గొంతు, ఆ గొంతుకు ఏ మొహం దొరికితే ఆ మొహం తగిలించి ఇన్ని పేజీలు గీసిందా

మెడ పట్టేసిందే, అయిందా, అని సైదమ్మ లేచి పెరట్లోకి వెళ్లింది, గోడవతల మల్లీశ్వరితో, నా బిడ్డ నన్ను బియ్యం దుకాణం కాడ లెక్క కూసోవెట్టింది, పౌడరంత దండగాయె అంటోంది, ఇద్దరి నవ్వూ ఒక్కసారే లేచింది, సన్నగా సాగేది చిన్నమ్మది, రెండోది బొంగురుగా, మధ్యలో తెగి మళ్లీ అందుకుంటూ, అది ఎవరిది, నవనీత చప్పున లేవబోయి ఆగింది, తను కనబడితే ఆగిపోతుందేమో, ఫోను తీసి ఎడిటర్‌కు ఇవాళ కాదు మేడం అని రాసి పంపింది, ఈ ఏడు కాకపోతే కాకపోనీ, గోడవతల నవ్వు ఇంకా సాగుతోంది, కళ్లు మూసుకుంటుందా, కొంగు అడ్డం పెట్టుకుంటుందా, అమ్మ మీద పుస్తకమంతా గీసిన తను, అమ్మ నవ్వగా ఇంతవరకూ చూడనే లేదు.