తెగిన తాడు ఎవరిది?

నలభై కిలోల అరటి గెల అరుణ్ కుమార్ కుడి పాదం మీద పడింది.

షెడ్డులో నార పేనుతున్న పన్నెండు మంది ఆడవాళ్లూ ఒకేసారి లేచి నిలబడ్డారు. అరుణ్ కుమార్ పులివెందుల వైపు అరటి రైతుల సంఘానికి సరుకు కొనే మనిషి. గాలికి చెట్లు పడిపోకుండా కట్టే తాళ్లు ఎవరి దగ్గర కొనాలో తేల్చడానికి వేంపల్లె వచ్చాడు. కిత్తలి మట్టల నారతో ఇక్కడ పేనే కిత్తనార తాడు, వేలాడదీసిన ఆ గెలను అయిదు నిమిషాలు మోస్తే ఏడాది ఆర్డరు ఈ షెడ్డుకే. లేకపోతే విదేశాల నుంచి ఓడల్లో దిగే చవక తాడుకు.

తాడు రెండు నిమిషాలకే తెగింది.

"ఇదేనామ్మా మీరు గొప్పగా చెప్పిన తాడు?" అన్నాడాయన కుర్చీలో కూలబడి, బొటనవేలు ఊదుకుంటూ. "ఆటో వచ్చేదాకా ఈడ్నే ఉంటా. ఏమన్నా చెప్పుకునేది ఉంటే అంతలోపల చెప్పండి."

షెడ్డు యజమాని రహమతున్నీసా నోరు విప్పేలోపే ముసలి ఓబులమ్మ తెగిన కొసను అందుకుని అగ్గిపుల్ల గీసింది. మట్టల నుంచి తీసిన నారయితే కాగితంలా కాలి బూడిదవ్వాలి. ఇది నల్లగా ముద్దకట్టి, సాగి, చుక్కలు చుక్కలుగా కారింది.

"ప్లాస్టిక్కు," అంది ఓబులమ్మ. "సార్, మీ కాలు మీద పడింది మా తాడు కాదు. శానా సంతోషం."

"నాకేం సంతోషం అవ్వా?"

అందరూ నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఓబులమ్మ వెళ్లి తలుపు గడియ వేసింది.

"దొంగ ఈడ్నే ఉండాడు. ఎవురూ కదలొద్దు. నాకు నడుము నొప్పి, ఉరికి పట్టుకోలేను."

గెల కట్టింది మూటలు కట్టే సమీవుల్లా. చూపులన్నీ అతని మీదికి తిరిగాయి.

"నన్నెందుకు చూస్తారు? అమ్మే చుట్టను కోస్తే రహమతున్నీసా అక్క ఊరుకుంటాదా? మూటకు కట్టిన తాడు ఇప్పి గెలకు కట్టినా."

అది నిజమే. అమ్మకానికి చుట్టిన తాడును కోయడం ఆ షెడ్డులో పెద్ద నేరం.

"మూటల తాడు ఎవురు తెచ్చినారు మరి?"

"సోమవారం పొద్దున వచ్చేసరికి మూలన ఉండె. కట్టేది నా పని, అడిగేది కాదు."

"జమాల్ బాషా," అంది ఓబులమ్మ, దెయ్యాన్ని సీసాలో పట్టినంత ఆనందంగా.

జమాల్ బాషా రహమతున్నీసా తమ్ముడు. వేంపల్లె బజారులో విదేశీ ప్లాస్టిక్ తాళ్లే అమ్ముతాడు. అక్కాతమ్ముళ్లు ఒకరి సరుకును ఒకరు తిట్టుకోని రోజు లేదు. సమీవుల్లా అతనికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"జమాలూ, మా షెడ్డులో నీ తాడు దొరికింది. నువ్వే పెట్టి పోయినావా?"

"పెట్టలేదు భయ్యా, అమ్మినా."

"ఎవురికి?"

జమాల్ బాషా గొంతు తగ్గించి అక్క గురించి అడిగాడు.

"మా ఆపా ఈ మాటలు వింటాందా?"

"వింటాంది."

"అట్లయితే దొంగను నేనే అనుకోండి." ఫోన్ పెట్టేశాడు.

షెడ్డు ఊగిపోయింది. ఓబులమ్మ నడుము నొప్పి మరిచి రెండు చిందులేసింది. అరుణ్ కుమార్ కూడా వేలి సంగతి వదిలేసి పెన్ను తీశాడు.

"పోటీ యాపారి మోసం చేసినాడని రాస్తా. సంఘం మళ్లీ పరీక్ష పెడతాది, ఆర్డరు మీకే వస్తాది. ఒక పేరుంటే చాలు. జమాల్ బాషా అనే కదా?"

బయట ఆటో హారన్ కొట్టింది. పెన్ను కాగితం మీద ఆనింది. రహమతున్నీసా పన్నెండు మంది మొహాలనూ చూసింది. ఏడాది కూలి అందరి కళ్లలో నవ్వుతోంది.

"ఆ పేరు రాయొద్దు సార్," అంది. "మూటలకు మన తాడు వాడితే అమ్మేది తగ్గుతాదని, ఆదివారం బజారుకు పోయి చవక తాడు కొన్నారు. గీసి గీసి బేరం కూడా ఆడినారు."

"ఎవరమ్మా?"

"రాసుకోండి సార్. రహమతున్నీసా."